‘ఒక సవరని ఇంట్లో పెట్టుకుని’

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇవతల మేం ఒడిశా, గజపతి జిల్లా. బజారులో ఒడియా, ఇంట్లో తెలుగు, బడిలో ఎదురుగా ఉన్న పిల్లని బట్టి ఏదైనా. ఈ ఊళ్లో పెరిగిన తెలుగువాళ్లందరిలాగే నేనూ గిడుగు రామమూర్తి పంతులుగారి గురించి వింటూ పెరిగాను. 1880లో రాజావారి స్కూల్లో మాస్టారుగా చేరారనీ, కొండల మీది సవరల భాష నేర్చుకున్నారనీ, వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడారనీ మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఏటా ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజు సభలో ఎవరో ఒకరు ఉపన్యాసం ఇస్తారు. అందులో ఒక వాక్యం తప్పకుండా వస్తుంది: "పంతులుగారు ఒక సవరని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు."

నాలుగేళ్ల కిందట సభలో మళ్లీ అదే వాక్యం విన్నాను. ఆ పొద్దున్నే మా అక్కతో ఫోన్లో నేనన్న మాట గుర్తొచ్చింది. అమ్మ మంచాన పడింది, నాకు బడి నుంచి సెలవు దొరకలేదు. "ఏం చెయ్యనే, కాశీనగర్ వైపు నుంచి ఒకామెని ఇంట్లో పెట్టుకున్నాం" అన్నాను. ఆమెకి ఇద్దరు పిల్లలు, ఊళ్లో అత్తగారి దగ్గరున్నారు. రాత్రి అమ్మ మంచం పక్కన చాప వేసుకుని పడుకుంటుంది. మా అమ్మ దగ్గితే ముందు లేచేది ఆమే, నేను కాదు. సభలో కూర్చుని ఆ వాక్యం వింటుంటే ఒక్కసారిగా అనిపించింది: ఆ సవర ఎక్కడ పడుకున్నాడు? ఆయన పిల్లలు ఎవరి దగ్గరున్నారు? నేను చదివిన పాఠాల్లో, విన్న ఉపన్యాసాల్లో ఆయన ఎప్పుడూ ‘ఒక సవర’ మాత్రమే. పేరు లేదు. నేర్చుకున్నవారికి పేరొచ్చింది, నేర్పినవాడు ఆ ఇంట్లోనే ఎక్కడో ఉండిపోయాడు.

పంతులుగారిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. సవర పిల్లలకు తన ఇంట్లోనే అన్నం పెట్టి చదువు చెప్పారని చెబుతారు, ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. ఆయన్ని ప్రేమిస్తూనే ఆ రెండో మనిషిని వెతకాలనుకున్నాను. నాటిక అక్కడ మొదలైంది.

అంతకుముందు నాలుగు నాటికలు రాశాను. సూరత్ మిల్లుకి వెళ్లిన కొడుకు ఫోన్ కోసం ఎదురుచూసే గంజాం తల్లి మీద ఒకటి. మా ఊరి కొమ్ముపని వాళ్ల మీద ఒకటి. దానికోసం రెండు వారాలపాటు సాయంత్రాలు ఒక కొమ్ముపని ఆయన వాకిట్లో కూర్చున్నాను. కొమ్ముని నిప్పుల మీద కాచి, మెత్తబడగానే కొంగ మెడలా వంచుతారు. చల్లారితే ఇక వంగదు, విరుగుతుంది. ఆ కాస్సేపట్లో ఆయన ఎవరితోనూ మాట్లాడడు, ఫోన్ మోగినా ఎత్తడు. మాడిన వెంట్రుకల వాసన ఇంటికి వచ్చాక కూడా చీరకి ఉండేది. ఆ నాటికలో కూతురు పెళ్లి డబ్బు గురించి తండ్రిని అడిగే మాటలన్నీ ఆయన కొమ్ము వంచుతున్న ఆ కాస్త సమయంలోనే పెట్టాను. జవాబు చెప్పలేడు, చెయ్యి వదల్లేడు. అప్పటి నుంచి ఏ రంగం రాసినా, ఇందులో మనిషి చెయ్యి దేని మీదుంది, ఎందుకు వదల్లేడు అని మొదట చూసుకుంటాను.

ఈ నాటికకి అది కూడా దొరకలేదు. 1931లో అచ్చయిన సవర వ్యాకరణం, 1938 నాటి సవర నిఘంటువు స్కాన్ కాపీలు ఒక మిత్రుడు పంపాడు. ముప్ఫై నలభై ఏళ్ల కష్టం అది. రాత్రి అన్నాలయ్యాక ఆ పేజీలు ఫోన్లో జరుపుతూ కూర్చునేదాన్ని. నాకు సవర రాదు. కానీ ఒక్కో మాట చూస్తుంటే, ఇది ఎవరో ఒకరు నోటితో అన్నదే కదా, పంతులుగారు "మళ్లీ చెప్పు" అంటే మళ్లీ చెప్పినదే కదా అనిపించేది. ఎన్ని వేల సార్లు చెప్పి ఉంటాడు! నాటికలో మొదట రాసిన మాట అదే: "మళ్లీ చెప్పు."

తర్వాత మూడు నెలలు ముందుకి కదల్లేదు. కారణం భాష.

మన నాటకాల్లో కొండమనిషి స్టేజి ఎక్కితే ఎలా మాట్లాడతాడో అందరికీ తెలుసు. "నాను సెప్తన్ను దొరా" అని వచ్చీరాని తెలుగు. జనం నవ్వుతారు. నా మొదటి ప్రతిలో నేనూ అలాగే రాశాను, అలవాటు కొద్దీ. చదివి వినిపిస్తే మా హార్మోనియం మాస్టారు కూడా నవ్వారు. ఆ నవ్వు విన్నాక ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆ ఇంట్లో భాష తెలిసినవాడు ఆయన, తెలియనివారు పంతులుగారు. నా స్టేజి మీద మాత్రం తెలియనివాడిలా మాట్లాడుతున్నది ఆయన. మొత్తం తలకిందులుగా రాశాను.

ఆ ప్రతి చింపేసి ఒక నియమం పెట్టుకున్నాను. సవరలో మాట్లాడుకుంటున్నారు అనుకున్న చోటల్లా గురువు, అంటే ఆ నేర్పే సవర, నోట మంచి, నిండైన తెలుగు వస్తుంది. పంతులుగారి నోట వచ్చీరాని తెలుగు వస్తుంది. అంతే, మూడు నెలలు కదలని నాటిక వారంలో సగం అయిపోయింది. మొదటి రంగంలోని ఈ నాలుగు మాటలు నాకు చాలా ఇష్టం:

పంతులు: నేను... కొండ... రేపు తింటాను.

గురువు: కొండని తినరు పంతులుగారూ. కొండకి వెళతారు. మళ్లీ అనండి.

పంతులు: నేను కొండకి వెళతాను. తినను.

గురువు: తినండి. తినకుండా కొండ ఎక్కలేరు.

ఇక్కడా జనం నవ్వుతారు, కానీ ఎవరినీ చిన్నబుచ్చని నవ్వు. నేర్చుకునే ప్రతి మనిషీ అలాగే తడబడతాడు. వాడుక మాటకి గౌరవం కావాలని అంత పోరాడిన మనిషి, ఒకప్పుడు తానే ఒక వాడుక మాట ముందు పిల్లాడిలా కూర్చున్నారు. ఆయన గొప్పతనం నాకు అక్కడే ఎక్కువగా కనబడింది.

గురువు ఇంటి వైపు కథ నాకు మా ఇంట్లోనే దొరికింది. అమ్మ పడుకున్నాక సంభాషణలు బయటికి చదువుకుంటుంటే, అమ్మని చూసుకునే ఆమె వింటూ ఉండేది. ఒకరోజు అడిగింది: "ఈయన ఇక్కడున్నాడు సరే, అక్కడ పెళ్లాం ఏటి తింతాందో రాయనేదేటప్పా?"

నేను రాయలేదు. ఆమె పక్కన చాప మీద కూర్చుని అడిగాను, నువ్వైతే ఏం రాస్తావని. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పింది. జీతం నెలకోసారి వస్తుంది, కానీ పని నెలకోసారి రాదు. ఊడుపులొచ్చినప్పుడు మనిషి అక్కడుండాలి. పిల్లకి జ్వరమొస్తే ఆ పూట ఉండాలి. సెలవు అడగాలంటే ముందు మీ అమ్మగారికి ఎలా ఉందో చూసుకుని అడగాలి. "అడిగే మాట నోట్లోనే నానిపోతాదప్పా" అంది.

ఆ మాట యథాతథంగా గురువు చేతనే అనిపించాను. రెండో రంగం అంతా సెలవు గురించే. కొండ మీద పోడు విత్తే రోజులు. చోళ్లు చల్లాలి, కందులు వెయ్యాలి. పంతులుగారికి స్కూలు లేని రోజులవే, పాఠం ఎక్కువసేపు చెప్పించుకోవాలని ఆశ. గురువు వాకిలి దాకా వస్తాడు, పలక మీది మాట చెరిపి ఇంకో మాట చెబుతాడు, మళ్లీ వాకిలి దాకా వెళతాడు. సెలవు అడగడు. చివరికి పంతులుగారు ‘విత్తు’ అన్న మాటకి సవర అడుగుతారు. గురువు చెప్పలేక ఊరుకుంటాడు. పంతులుగారికి అప్పుడు అర్థమవుతుంది. ఇది చరిత్రలో జరిగిందని నేననడం లేదు, ఇది నా కల్పన. కానీ మర్నాడు నేను చేసిన మొదటి పని ఆమెకి నెలకి నాలుగు రోజులు, అడక్కుండానే, సెలవు రాసిపెట్టడం. ఆ నాలుగు రోజులు అక్కా నేనూ వంతులు వేసుకున్నాం. అన్నాళ్లూ ఆ పని ఎందుకు చెయ్యలేదో నాకు నేను చెప్పుకోలేకపోయాను.

రిహార్సల్స్ మా వీధి చివర ఒక ధాన్యం గోడౌన్లో. రాత్రి ఎనిమిది దాటాకే అందరూ కుదిరేది. పంతులుగారి వేషం ఒక బ్యాంకు ఉద్యోగి. గురువు వేషానికి మొదట మా మెడికల్ షాపు ఆయన్ని అనుకున్నాను, మంచి గొంతు. భార్య వేషానికి శ్రీకాకుళం నుంచి ఆర్టిస్టుని పిలిపించేంత డబ్బు లేదు, నేనే వేశాను. ఉచ్చారణ సరిచూడడానికి గుమ్మ వైపు నుంచి వచ్చి ఇక్కడ డిగ్రీ చదువుతున్న ఒక సవర కుర్రాణ్ణి బతిమాలి తెచ్చుకున్నాను. నాటికలో పది పన్నెండు అసలు సవర మాటలున్నాయి. అతను వచ్చిన మొదటి రోజే నా నాటిక సగం మారిపోయింది.

ముందు గోడ. వెనక తెర మీద సవర బొమ్మలు వేయించాలని పెయింటర్‌కి అడ్వాన్సు కూడా ఇచ్చాను. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో తెల్లగా గీసే ఆ మనుషులు, చెట్లు, ఏనుగులు ఇప్పుడు చీరల మీద, సంచుల మీద కూడా వస్తున్నాయి కదా, స్టేజికి నిండుగా ఉంటుందనుకున్నాను. కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. "మేడం, అది బొమ్మ కాదు. మేం గోడ మీద గీసే ఈ ఇడితాల్ ఒక ఇల్లు. సొనుమ్‌కి, అంటే చనిపోయినవాళ్లకీ దేవతలకీ కట్టి ఇచ్చే ఇల్లు. పిలిచి గీస్తారు. మీరు గీస్తే ఎవర్ని పిలిచినట్టు?" నా దగ్గర జవాబు లేదు. అడ్వాన్సు పోతే పోయింది. ఉత్త ఎర్రగోడ పెట్టాం. నాటిక అంతా ఆ ఖాళీ గోడ ముందే జరుగుతుంది. అంతకన్నా మంచి సెట్ నేను ఊహించలేను.

రెండోది గొంతు. సవరలో కొన్ని మాటల మధ్య ఊపిరి గొంతులో టక్కున పట్టుకుని ఆగుతుంది. రాతలో దానికి ఒక గుర్తు, అంతే. చెవికి మాత్రం అది ఉంటే ఒక మాట, లేకపోతే వేరే మాట. మా బ్యాంకు ఆయనకి ఎంతకీ రాలేదు. గట్టిగా అంటే వస్తుందేమోనని అరిచారు, ఇంకా పోయింది. అప్పుడు ఆ కుర్రాడు ఆయన చెయ్యి పట్టుకుని, రెండు వేళ్లు తన గొంతు మీద పెట్టుకుని మాట అన్నాడు. "ఇదిగో సార్, ఇక్కడ ఆగింది. తెలిసిందా?" గోడౌన్లో ఎవరూ కదల్లేదు.

ఆ రాత్రే మూడో రంగం తిరగరాశాను. కొండల్లో తిరిగి తిరిగి పంతులుగారికి మలేరియా వచ్చింది. క్వినైన్ మింగారు. దానితో చెముడు వచ్చింది. ఇది అందరూ చెప్పుకునే విషయమే. ఒక భాష ధ్వనులన్నీ పట్టి రాయాలని కూర్చున్న మనిషికి చెవులే పోయాయి. నా పాత ప్రతిలో గురువు పెద్దగా అరుస్తూ పాఠం చెబుతాడు, పంతులుగారు ఏడుస్తారు. అదంతా తీసేశాను. ఇప్పుడు బుడ్డి దీపం, ఎర్రగోడ. గురువు మాట అంటాడు. పంతులుగారికి వినబడదు. ఆ ధ్వని అరిస్తే చచ్చిపోతుంది, అరవలేడు. దగ్గరగా జరిగి, పంతులుగారి చెయ్యి తీసుకుని తన గొంతు మీద పెట్టుకుంటాడు. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ పంతులు వేళ్లు ఒక సవర గొంతు మీద. ఇద్దరూ మాట్లాడరు. పంతులుగారు ఎడం చేత్తో పలక మీద గుర్తు రాస్తారు. ‘చెయ్యి దేని మీదుంది’ అన్న నా పాత ప్రశ్నకి ఇంతకన్నా మంచి జవాబు నేనెప్పుడూ రాయలేదు.

అదే వారం మెడికల్ షాపు ఆయన నా దగ్గరికి వచ్చి, "అమ్మా, నాకన్నా ఆ కుర్రాడే వెయ్యాలి" అన్నారు. అంత పెద్ద మనసుతో అన్నారు. తర్వాత ప్రాంప్టింగ్ ఆయనే చూసుకున్నారు.

ఉగాది రాత్రి ప్రదర్శన. నిర్వహించే సంఘం పెద్దలు స్క్రిప్టు ముందుగా అడిగారు. మూడు అభ్యంతరాలు చెప్పారు. చివర్లో పంతులుగారికి దండ వెయ్యాలన్నారు. ఆ నేర్పినాయన సవరే అని రూఢి ఏమిటన్నారు. అది న్యాయమైన ప్రశ్న. రెండు భాషలూ తెలిసిన మనిషి అంటే ఎవరైనా కావచ్చు, నేను సవరగా ఎంచుకున్నాను అని ఒప్పుకుని, ప్రదర్శనకి ముందు ఆ మాట మైకులో చెబుతానన్నాను. మూడోది చివరి రంగం, అది తీసెయ్యమన్నారు. అందులో 1936 ఏప్రిల్ 1. ఒడిశా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అటు వెళ్లింది. డెబ్బై రెండేళ్ల పంతులుగారు యాభై ఆరేళ్లు బతికిన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. "సభలో ఒడియా స్నేహితులుంటారమ్మా, పాత గాయాలు ఎందుకు?" అన్నారు.

వాళ్ల భయం నాకు తెలుసు. ఈ ఊళ్లో ఆ సంగతి ఇప్పటికీ జాగ్రత్తగానే మాట్లాడతాం. కానీ నేను రాసింది సరిహద్దు గురించి కాదు. వెళ్లిపోయే ఒక ముసలాయన, ఉండిపోయే ఇంకో ముసలాయన. కొండలు అక్కడే ఉన్నాయి. కింద గీత మారింది, అంతే. గురువు అడుగుతాడు: "ఇప్పుడు నేనే భాషలో దరఖాస్తు పెట్టుకోవాలి పంతులుగారూ?" చదివి వినిపించాక పెద్దల్లో ఒకాయన కళ్లు తుడుచుకుని, ఉంచమన్నారు. దండ మాత్రం వెయ్యాల్సిందే అన్నారు. వేశాం. గురువు చేతులతో వేయించాను.

ఆ రంగానికి ఇంకో మాట ఆ కుర్రాడి వల్లే చేరింది. సరిగ్గా అదే 1936లో మంగేయి గొమాంగో సవరకి సొంత లిపి ‘సొరంగ్ సొంపెంగ్’ తయారు చేశారని అతను చెప్పాడు. ఈ ఊళ్లో నలభై ఏళ్లుగా ఉన్న నాకు ఆ పేరు తెలియదు, సిగ్గేసింది. ఇప్పుడు నాటిక చివర గురువు పంతులుగారి పలక తీసుకుని, దాని మీద మనకి తెలియని ఒక అక్షరం రాసి జనం వైపు తిప్పుతాడు.

ప్రదర్శన బాగా జరిగింది. నలభై నిమిషాలన్నారు, యాభై పట్టింది.

కుర్రాడు అక్కడితో ఆగనివ్వలేదు. "మా ఊళ్లో వెయ్యాలి మేడం" అన్నాడు. అక్కడ తెలుగు కొద్దిమందికే వచ్చు. అంటే నా నియమం మళ్లీ తిరగబడాలి. గురువు అసలు సవరలో మాట్లాడాలి, పంతులుగారు తప్పుల సవరలో. మూడు వారాల్లో అతను మొత్తం మార్చి రాశాడు, నాది అనడానికి అందులో నడక తప్ప ఏమీ మిగల్లేదు. బ్యాంకు ఆయన రోజూ రాత్రి వేళ్లు గొంతు మీద పెట్టుకుని మాటలు వల్లె వేసేవారు.

కొండ మీద, పనస చెట్ల మధ్య, రెండు బల్బుల కింద వేశాం. మైకు లేదు. ఆ ఊళ్లో ఇప్పుడు ఎక్కువమంది చర్చికి వెళతారు. పాత పద్ధతిలో చనిపోయినవాళ్లు కురన్, అంటే పూనకం వచ్చే మనిషి, నోటి నుంచి మాట్లాడతారు, ఇంట్లోవాళ్లు ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేస్తారు, దెబ్బలాడతారు, ఏడుస్తారు. ముసలివాళ్లకి అది ఇంకా గుర్తుంది. పంతులుగారు కొండని తింటానన్నప్పుడు జనం ఎంతగా నవ్వారంటే కాస్సేపు ఆగాల్సి వచ్చింది. చివరి రంగంలో గురువు ఒక్కడే ఎర్రగోడ ముందు నిలబడ్డాడు. ముందు వరసలో ఒక ముసలమ్మ లేచి, నేరుగా అతనితో ఏదో అంది. అతను పలక దించాడు. ఆమె మళ్లీ అడిగింది. అతను జవాబు చెప్పాడు. అది స్క్రిప్టులో లేదు. ఆమె ఇంకో రెండు మాటలు కోపంగా అని, కూర్చుని ఏడ్చింది.

దిగివచ్చేటప్పుడు జీపులో అడిగాను, ఏమందని. "ఎవరి బిడ్డవి, ఏ ఊరు, పేరు చెప్పు అంది మేడం. ఇన్నాళ్లు ఇంటికెందుకు రాలేదు అంది."

"నువ్వేం చెప్పావు?"

"స్క్రిప్టులో పేరు లేదు కదా. మా ముత్తాత పేరు చెప్పాను."

పోయిన నెల ఇంకో ఊరి నుంచి పిలుపు వచ్చింది. అతనికి పరీక్షలు. వాళ్ల ఊరి కుర్రాడే ఇంకొకడు వేషం నేర్చుకుంటున్నాడు. మొన్న ఫోన్ చేశాడు. "మేడం, ఆ ముసలమ్మ అడిగినట్టు ఎవరైనా అడిగితే నేను ఏ పేరు చెప్పాలి?" మీ అమ్మనడుగు అన్నాను. రాత్రి పదింటికి మళ్లీ చేశాడు. అమ్మకి తెలియలేదట, అమ్మమ్మ చెప్పిందట. స్క్రిప్టు తీసి, ఆ చోట ఖాళీగా ఉంచిన గీత మీద పెన్సిల్‌తో రాసుకున్నాను.